చిన్న బొమ్మల కార్డులు చేసి మార్చుకునే గుంపు మొదలుపెడుతున్నాం, అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి

నీలిగీత:
అందరికీ నమస్తే. దగ్గర్లోనే ఉండే పదిమందిమి కలిసి ఆర్టిస్ట్ ట్రేడింగ్ కార్డులు, అదే అందరూ ఏటీసీలు అంటారు కదా, అవి చేసి నెలకోసారి కూర్చుని మార్చుకుందామని అనుకున్నాం. కొలత 2.5 × 3.5 అంగుళాలని తెలుసు, అమ్మకూడదని తెలుసు, అంతకుమించి పెద్దగా తెలీదు. మాలో ఇద్దరు చక్కగా బొమ్మలేస్తారు, ఒకరు కుట్టుపని చేస్తారు, మిగతావాళ్ళు స్కూలు వదిలాక రంగులు ముట్టుకోనివాళ్ళు. కాగితం ఏది వాడాలి, ఎలా కోయాలి లాంటివి ఎలాగూ అడుగుతాను గానీ నా అసలు టెన్షన్ వేరే. ఒకరి కార్డు అద్భుతంగా ఉండి పక్కవాళ్ళది మామూలుగా ఉంటే మార్చుకునే దగ్గర ఏమవుతుంది? "నాది ఎవరు తీసుకుంటారులే" అని ఒకావిడ ఇప్పటికే వెనక్కి తగ్గుతున్నారు. ఇలాంటి గుంపులు నడిపినవాళ్ళు, వాటిలో ఉన్నవాళ్ళు వివరంగా చెప్పండి, పెద్ద పోస్టయినా ఓపిగ్గా చదువుతాను.

కాగితంముక్క:
మంచి పని మొదలుపెడుతున్నారు. ముందు ఇది ఎక్కడ పుట్టిందో చెప్తాను, ఎందుకంటే మీ టెన్షన్‌కి జవాబు అక్కడే ఉంది. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో వాన్చి స్టిర్నెమాన్ అనే కళాకారుడు 1996లో ఈ కార్డులు చేయడం మొదలుపెట్టి, 1997లో తన పాత పుస్తకాల కొట్టులో 1200 కార్డులు ప్రదర్శనకి పెట్టారు. వాటిలో ఏదైనా కావాలనుకున్నవాళ్ళు డబ్బు తీయడం కాదు, తామూ ఒక కార్డు చేసి తెచ్చి మార్చుకోవాలి. అదే సమయంలో డాన్ మేబీ అనే కెనడా కళాకారుడు ఈ పద్ధతిని క్యాల్గరీకి తీసుకెళ్ళారు, అక్కడ నెలనెలా కూర్చుని మార్చుకోవడం అలవాటయింది, ఆ తర్వాత చాలా దేశాలకి పాకింది.

ఇందులో గమనించాల్సింది ఒకటే. చూసేవాళ్ళు వేరు, చేసేవాళ్ళు వేరు అనే గీత ఇక్కడ లేదు. బాగా వేయగలిగినవాళ్ళే రావాలని ఎవరూ అనలేదు, చేసి తెచ్చినవాళ్ళందరూ బల్ల దగ్గర సమానం. కాబట్టి వెనక్కి తగ్గుతున్న ఆ ఒకావిడని దయచేసి వదలకండి, ఈ పద్ధతి పుట్టిందే అలాంటివాళ్ళని కూడా కూర్చోబెట్టడానికి.

ఇక నియమాలంటారా, కొలత తప్పకూడదు, అమ్మకూడదు, అంతే. రంగు, పెన్సిలు, దారం, కాగితం ముక్కలు, ఫొటో, అచ్చు, ఏదైనా సరే. వెనక వైపు పేరు, కార్డుకి పెట్టుకున్న పేరు, తేదీ రాయండి. అది మాత్రం మొదటి రోజు నుంచే అలవాటు చేయండి, కొన్నాళ్ళకి ఎవరిది ఏదో ఎవరికీ గుర్తుండదు.

మూడోకుంచె:
కాగితం సంగతి నేను చెప్తాను. ప్రింటర్‌లో వాడే 80 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాముల బరువో చెప్పే కొలత) కాగితం చేతిలో నిలబడదు, అది వద్దు. పెన్ను, పెన్సిలు బొమ్మలకి 200 నుంచి 250 జీఎస్ఎం నున్నటి షీటు చాలు. నీటి రంగులు వాడేవాళ్ళయితే 300 జీఎస్ఎం వాటర్ కలర్ పేపర్ తీసుకోండి, అంతకంటే పల్చనిదైతే తడి తగలగానే వంకర్లు పోతుంది. గరుకు కాగితం పెద్ద బొమ్మకి అందమే కానీ ఇంత చిన్నచోట ఆ గరుకుదనమే కంటికి కొడుతుంది, మొహాలు, అక్షరాలు వేసేవాళ్ళకి నున్నగా ఉండే హాట్ ప్రెస్ రకం హాయిగా ఉంటుంది.

కార్డు మిల్లీమీటర్లలో 64 × 89. ఏ4 షీటు 210 × 297. షీటుని నిలువుగా పెట్టి వరసకి మూడు చొప్పున మూడు వరసలు గీస్తే 9 కార్డులొస్తాయి, కార్డులని అడ్డంగా తిప్పితే 8కి మించి రావు. ఏ3 అయితే జాగ్రత్తగా సర్దితే 18.

కత్తెరతో కోస్తే అంచు తిన్నగా రాదు. స్టీల్ స్కేలు, కొత్త బ్లేడున్న కట్టర్, కింద కటింగ్ మ్యాట్ ఉండాలి, ఒకేసారి గట్టిగా నొక్కకుండా అదే గీత మీద తేలిగ్గా మూడు నాలుగు సార్లు లాగండి. ముందే కోసి ఒక్కో ముక్క మీద వేయాలా, లేక వేశాక కోయాలా అని అందరికీ వచ్చే ప్రశ్న ఉంటుంది. బొమ్మ అంచుదాకా నిండుగా ఉండాలంటే గీత దాటించి రంగు వేసి, ఆరాక కోయండి. చుట్టూ తెల్ల అంచు కావాలంటే ముందే కోసి నాలుగు వైపులా మాస్కింగ్ టేపు వేసుకోండి.

ఇంకొకటి, ఇది కొత్తవాళ్ళకి చాలా పనికొస్తుంది. ఒక అట్టముక్కలో సరిగ్గా 64 × 89 కిటికీ కోసి పెట్టుకోండి. పెద్ద షీటు మీద భయం లేకుండా రంగులు పులిమి, ఆరాక ఆ కిటికీని దాని మీద జరుపుతూ పోతే ఎక్కడో ఒకచోట ఆగాలనిపిస్తుంది. అక్కడ కోసేయండి. గీయడం రానివాళ్ళు కూడా ఇలా మంచి కార్డులు తీస్తారు, ఎందుకంటే ఇక్కడ కావాల్సింది చెయ్యి కాదు, కన్ను.

ఖాళీపుట:
నీలిగీత గారూ, మీ గుంపులో వెనక్కి తగ్గుతున్న ఆవిడ లాంటిదాన్నే నేను. వేరే గుంపులో కొన్నాళ్ళు ఉన్నాను. అక్కడ అందరి కార్డులూ బల్ల మీద పరిచి, ఎవరికి కావాల్సినవి వాళ్ళు అడిగి తీసుకునేవాళ్ళు. బాగా వేసే ఇద్దరి చుట్టూ అందరూ మూగేవాళ్ళు, నావి అలాగే ఉండిపోయేవి. ఎవరూ ఒక్క మాట అనలేదు, అందరూ మంచివాళ్ళే. కానీ తెచ్చిన కార్డులు తెచ్చినట్టే బ్యాగులో పెట్టుకుని ఇంటికెళ్ళడం చాలా బాధగా ఉంటుంది, దాన్ని నవ్వి తీసిపారేయలేం. తర్వాత వెళ్ళడం మానేశాను. చేయడం మాత్రం మానలేదు. అందుకే మీరు ఈ ప్రశ్న ముందే అడిగినందుకు సంతోషంగా ఉంది.

సాయంత్రపుగీతలు:
ఖాళీపుట గారు చెప్పింది నేను చాలాచోట్ల చూశాను, అందుకే మా గుంపులో ఎంచుకోవడమే తీసేశాం. మీరు పదిమంది అన్నారు కదా, ఒక్కొక్కరూ మిగతా తొమ్మిది మందికి ఒక్కోటి చొప్పున 9 కార్డులు చేస్తారు. మూడోకుంచె గారి లెక్క ప్రకారం అది సరిగ్గా ఒక ఏ4 షీటు. మొత్తం 90 కార్డులు. ఎవరి 9 వాళ్ళు కవర్లో పెట్టి తెస్తారు, ఒకరు పంచుతారు, ఇంటికెళ్ళేటప్పుడు ప్రతి ఒక్కరి చేతిలో మిగతా తొమ్మిది మందివీ ఒక్కోటి ఉంటాయి. మిగిలిపోయిన కార్డు అంటూ ఉండదు. ఎవరిది ముందు పోయింది, ఎవరిది చివరిదాకా ఉంది అనే మాటే రాదు.

ఇంకో లాభం ఉంది. మనంతట మనం ఎంచుకోని కార్డు మన చేతికొస్తుంది. ఒక నెల మా గుంపులో ఒకాయన తొమ్మిదింటి మీదా వట్టి సన్నగీతలే గీసి తెచ్చారు, బల్ల మీద ఉంటే నేను తీసుకునేదాన్ని కాదు. ఇంట్లో పెట్టుకుని రోజూ చూస్తుంటే ఒక్కో గీత మధ్య దూరం ఎంత ఆలోచించి పెట్టారో తెలిసింది. ఇప్పుడు అది నాకు బాగా ఇష్టమైన కార్డుల్లో ఒకటి.

కాగితంముక్క:
సాయంత్రపుగీతలు గారూ, మీ పద్ధతిలో న్యాయం ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఒకటి పోతుంది. ఎదురుగా కూర్చుని "మీ ఈ కార్డు నాకు నచ్చింది, నావాటిలో మీకు ఏది కావాలి?" అని అడగడంలోనే ఈ పని ప్రాణమంతా ఉంది. ఆ ఒక్క ప్రశ్నతో ఇద్దరూ కార్డులు చేతిలోకి తీసుకుని చూస్తారు, ఇదెలా చేశారు అంటారు, ఇంకోసారి ఎదురుపడితే పలకరించుకుంటారు. కవర్లలో పంచితే కార్డులు మారతాయి, మనుషులు మాట్లాడుకోరు. స్టిర్నెమాన్ మొదట్నుంచీ ముఖాముఖి మార్చుకోవడాన్నే పట్టుకున్నది అందుకే.

ఖాళీపుట గారికి జరిగింది తప్పే, కానీ అది ఎంచుకోవడం వల్ల జరిగింది కాదని నా అభిప్రాయం. అందరివీ ఒకేచోట పరిచి సంతలా నడపడం వల్ల జరిగింది. మేము బల్ల మీద పరచం. ఇద్దరిద్దరుగా ఎదురెదురుగా కూర్చుంటాం, కాసేపయ్యాక కుర్చీలు జరుగుతాం, అలా అందరూ అందరితో కూర్చుంటారు. కూర్చున్న ప్రతిసారీ ఒక కార్డు ఇచ్చి ఒకటి తీసుకోవాలి. ఏది అన్నది ఆ ఇద్దరిష్టం. తీసుకోకుండా లేవడం మాత్రం లేదు.

సాయంత్రపుగీతలు:
కుర్చీలు జరపడం బాగుంది, ఇది నేను వినలేదు. అయితే అప్పుడు కూడా అందరికీ సరిపడా కార్డులు తేవాలి, పైగా ఏది ఇవ్వాలో ఎదుటివాళ్ళు ఎంచుకోవాలంటే ఒకటి రెండు ఎక్కువే ఉండాలి. ఉద్యోగాలు, పిల్లలు ఉన్నవాళ్ళకి నెలకి తొమ్మిదే కష్టం. మాకు ఒక్కో నెల ఆరు కూడా వచ్చేవి కావు.

అద్దకం:
అన్ని కార్డులు చేయలేం అనేవాళ్ళకి అచ్చు పద్ధతి పెద్ద అండ. లినోలియం అనే మెత్తటి షీటు ముక్క చెక్కొచ్చు, అంత శ్రమ వద్దనుకుంటే పెన్సిలు గీతలు చెరిపే పెద్ద రబ్బరు ముక్కని చెక్కొచ్చు, అది మెత్తగా తెగుతుంది. ఒక్క అచ్చు చెక్కుకుంటే తొమ్మిది కార్డులు ఒక సాయంత్రంలో అయిపోతాయి, ఒక్కోదానికి రంగు మార్చుకోవచ్చు, కింద నేపథ్యం మార్చుకోవచ్చు, దేనికది వేరుగానే ఉంటుంది. గుర్తుంచుకోవాల్సింది, అచ్చులో అంతా తిరగబడి పడుతుంది. అక్షరాలు ఉంటే ట్రేసింగ్ కాగితం మీద రాసి బోర్లించి దించుకోండి, తెలుగు అక్షరాలకి ఇది మరీ ముఖ్యం, తలకట్టు అటుదిటు అయితే చదివేవాళ్ళకి అచ్చు తప్పులా కనిపిస్తుంది.

ఒకే అచ్చు నుంచి తీసినవాటికి వెనక సంఖ్య వేయడం పద్ధతి. తొమ్మిదింట్లో మూడోది అయితే 3/9. మళ్ళీ పదోది తీయకూడదు, ఆ మాట మీద నిలబడాలి. ఒకటే ఉన్న కార్డయితే 1/1 అని రాసేవాళ్ళున్నారు, రాయకపోయినా తప్పులేదు.

కట్టర్ వేళ్ళ వైపు రాకుండా ఎప్పుడూ బయటి వైపుకే తోయండి. గుంపులో పిల్లలుంటే చెక్కే పని పెద్దవాళ్ళు చేసి, అద్దే పని వాళ్ళకివ్వండి.

చుక్కలముగ్గు:
మీ గుంపులో కుట్టుపని చేసే ఆవిడ ఉన్నారన్నారు కదా, ఆవిడ కోసం రాస్తున్నాను. బట్ట కార్డులు చాలా బాగుంటాయి, చేత్తో తడిమి చూడాలనిపిస్తాయి. బట్ట ఒక్కటే అయితే నిలబడదు, బట్టకీ వెనక కాగితానికీ మధ్య ఒక గట్టి అట్ట పెట్టి చుట్టూ కుట్టేయాలి. కాగితం మీదే కుట్టాలంటే ముందు సూదితో బొక్కలు పొడుచుకుని తర్వాత దారం పోనివ్వండి, బొక్కలు దగ్గరదగ్గరగా పెడితే తపాలా బిళ్ళ చిరిగినట్టు ఆ గీత వెంబడే చిరిగిపోతుంది, కనీసం మూడు మిల్లీమీటర్ల ఎడం ఉంచండి. వెనక ముడులన్నీ కనిపిస్తుంటాయి కాబట్టి ఇంకో కాగితం అతికించి దాని మీద పేరు, తేదీ రాయాలి.

కొలత దగ్గర జాగ్రత్త. చుట్టూ కుట్టు వేశాక కార్డు ఒకటి రెండు మిల్లీమీటర్లు పెరుగుతుంది, కవర్లో దూరదు. ముందే ఆమేరకు తగ్గించి కోసుకోండి.

పత్రహరితం:
కవరు మాట వచ్చింది కాబట్టి. మార్చుకున్న కార్డులు దాచుకోవడానికి తొమ్మిది గదులుండే ప్లాస్టిక్ షీట్లు దొరుకుతాయి, ఆటగాళ్ళ బొమ్మల కార్డులు దాచుకునేవాళ్ళు వాడేవే. బేస్‌బాల్ కార్డులు 1957లో టాప్స్ కంపెనీ ఈ కొలతకి మార్చిన దగ్గర్నుంచి అదే స్థిరపడిపోయింది, పెద్దరకం పేకముక్కల కొలత కూడా ఇదే, అందుకే ఏటీసీలకి పెట్టెలు, కవర్లు వెతుక్కునే పనిలేదు. కొనేటప్పుడు పీవీసీ రకం వద్దు, దాన్ని మెత్తగా ఉంచడానికి కలిపే రసాయనం బయటికొచ్చి రంగుల్ని పాడుచేస్తుంది, పాలీప్రొపిలీన్ తీసుకోండి.

నేను ఎండిన ఆకులు, పాత కాగితాలు అతికిస్తాను. ఆకుని పుస్తకంలో పెట్టి పూర్తిగా ఎండాకే వాడాలి, తడి ఉంటే బూజు పడుతుంది, పక్క కార్డుకి కూడా పడుతుంది. జిగురు ఒకవైపే పూస్తే కార్డు విల్లులా వంగుతుంది. వెనక వైపు కూడా అదే జిగురుతో ఒక కాగితం అతికించి, బరువైన పుస్తకాల కింద రాత్రంతా ఉంచితే రెండువైపులా లాగుడు సమానమై తిన్నగా ఉంటుంది. గ్లూ స్టిక్ అయితే తడి తక్కువ, వంకర తక్కువ, కానీ అంచులు లేస్తాయి.

మూడోకుంచె:
పత్రహరితం గారు చెప్పినదానికి ఇంకొంచెం కలుపుతాను. ఎక్రిలిక్ రంగులు ఆరినట్టే ఉంటాయి గానీ ఒకదాని మీద ఒకటి పెట్టి నొక్కితే అతుక్కుంటాయి, విడదీస్తే రెంటి మీదా రంగు ఊడుతుంది. వేడిగా ఉన్నచోట మరీను. మధ్యలో బటర్ పేపర్ ముక్కలు పెట్టండి. పైన వార్నిష్ వేసేట్టయితే మెరిసే రకం కంటే మ్యాట్ రకం తక్కువ అంటుకుంటుంది. ఆయిల్ పాస్టెల్స్ అయితే ఎప్పటికీ గట్టిపడవు, అవి కవర్లో పెట్టే ఇవ్వాలి.

ఇంకా, మామూలు స్కెచ్ పెన్నుల రంగులు వెలుతురులో వెలిసిపోతాయి. గోడకి పెట్టుకునేవాళ్ళుంటారు కాబట్టి, మీ కార్డు నిలవాలంటే పిగ్మెంట్ ఇంకు అని రాసున్న పెన్నులు వాడండి, అవి నీళ్ళు తగిలినా కారవు. మనం ఇచ్చేది ఇంకొకరు ఏళ్ళ తరబడి దాచుకుంటారన్న గౌరవం ఇందులో ఉంది, నేను దీన్ని చిన్న విషయం అనుకోను.

కొత్తకలం:
ఒక సందేహం. ఇంత కష్టపడి చేసినవి అమ్మితే తప్పేంటి? నేను ఇంటర్నెట్‌లో ఇదే కొలత కార్డులు అమ్మడం చూశాను.

కాగితంముక్క:
అమ్మడం తప్పు కాదు, అది వేరే పని. అమ్మకానికి చేసే అదే కొలత కార్డులకి ఏసీఈఓలు అని వేరే పేరు కూడా పెట్టుకున్నారు, ఈ రెండూ కలవకూడదనే. చేసుకునేవాళ్ళు చేసుకోవచ్చు. కానీ మార్చుకునే బల్ల మీదకి ధర వచ్చిందంటే, ఇందాక ఖాళీపుట గారు చెప్పిన బాధ పదింతలవుతుంది. ఒకరి కార్డు విలువ ఎక్కువ, ఒకరిది తక్కువ అని అంకె పడిపోతుంది కదా. డబ్బు లేదు కాబట్టే ఎన్నో ఏళ్ళుగా బొమ్మలేస్తున్న మనిషీ నిన్న మొదలుపెట్టిన మనిషీ ఒకటికి ఒకటి మార్చుకోగలుగుతున్నారు. ఇంకో మాట, మార్పిడిలో వచ్చిన కార్డుని తర్వాత అమ్ముకోవడం మాత్రం నమ్మకద్రోహమే, మా దగ్గర అలా చేసినవాళ్ళని మళ్ళీ పిలవం.

ఖాళీపుట:
ఇది చదివాక కాస్త ధైర్యం వచ్చింది. ఇంకో ప్రశ్న. గీయడం రానివాళ్ళు నెట్‌లో దొరికిన బొమ్మ ప్రింటు తీసి అతికించి ఇవ్వొచ్చా?

అద్దకం:
నేను వద్దంటాను. ఇంకొకరు వేసిన బొమ్మ ఉన్నదున్నట్టు ప్రింటు తీస్తే అది ఆ చిత్రకారుడిది, మీది కాదు, అడగకుండా వాడుకోవడం హక్కుల పరంగానూ తప్పే. పాత పత్రికల ముక్కలు కోసి, వేరే వాటితో కలిపి, మీదైన కొత్త బొమ్మగా మారిస్తే అది కొలాజ్, దానికి పెద్ద చరిత్రే ఉంది. తేడా ఎక్కడంటే, ఆ కార్డు చూసి ఇది మీరు చేశారని నాకు తెలియాలి. మీరు తీసిన ఫొటో అతికించండి, దాని మీద మీ చేతిరాతతో రెండు మాటలు రాయండి, చాలు. నిజానికి నా దగ్గరున్న వాటిలో నేను ఎక్కువసార్లు తీసి చూసుకునేవి చేతిరాత ఉన్న కార్డులే.

సాయంత్రపుగీతలు:
ఖాళీపుట గారూ, ఇంత చిన్న కాగితం మీద తక్కువ పెట్టడమే మంచిది. కొత్తవాళ్ళు పెద్ద బొమ్మలో ఉండేవన్నీ ఇందులో కూరాలని చూసి అలిసిపోతారు. కొండలు, చెట్లు, ఇల్లు, మనిషి అన్నీ కాకుండా ఒక్క కిటికీ వేయండి. ఒక్క తాళంచెవి వేయండి. ముందు 5 × 7 అంగుళాల్లో గీసుకుని జిరాక్స్‌లో 50 శాతానికి తగ్గిస్తే సరిగ్గా కార్డు కొలతకి వస్తుంది, దాన్ని గీత కోసం వాడుకుని దించుకోండి. చిన్నదిగా గీయడానికి చెయ్యి వణికేవాళ్ళకి ఇది బాగా పనిచేస్తుంది.

చిన్నది కదా తేలిక అని ఎవరైనా అంటే నమ్మొద్దు, చిన్నది కాబట్టి విలువ తక్కువ అన్నా నమ్మొద్దు. 16వ శతాబ్దంలో ఇంగ్లండ్ రాణి మొదటి ఎలిజబెత్ ఆస్థానంలో నికొలస్ హిల్లియార్డ్ అరచేతిలో పట్టే మొహాల బొమ్మలు వేసేవారు, పల్చటి తోలు మీద వేసి వెనక గట్టిదనానికి పేకముక్క అతికించేవారు. రాణులకి కూడా అంత చిన్న బొమ్మ సరిపోయింది.

పత్రహరితం:
దూరంగా ఉన్నవాళ్ళతో పోస్టులో మార్చుకోవడం గురించి కూడా ఒక మాట, తర్వాత మీ గుంపుకి ఆ ఆలోచన వస్తుంది కాబట్టి ఇప్పుడే చెప్తున్నాను. పద్ధతి ఇలా ఉంటుంది. ఒకరు పెద్దగా ఉంటారు, అందరూ కార్డులతో పాటు తమ చిరునామా రాసి స్టాంపులు అతికించిన కవరు ఆ ఒకరికి పంపుతారు, ఆయన కలిపి తిరిగి పంపుతారు. నేను ఒకసారి అలా పంపితే కార్డులూ రాలేదు, జవాబూ రాలేదు. పోయిన కార్డుల కంటే, ఎవరి దగ్గరున్నాయో తెలియకపోవడం ఎక్కువ బాధ పెట్టింది. కాబట్టి ముందు పరిచయం ఉన్నవాళ్ళతోనే చేయండి, పంపే ముందు ప్రతి కార్డూ రెండువైపులా ఫొటో తీసి పెట్టుకోండి, కవర్లో కార్డు వంగకుండా రెండు అట్టముక్కల మధ్య పెట్టండి. చేరాల్సిన ఆఖరి తేదీ, తిరిగి పంపే తేదీ రెండూ ముందే రాసుకోండి. చేరిన రోజే చేరిందని చెప్పే మనిషినే పెద్దగా పెట్టుకోండి.

నీలిగీత:
ఇన్ని వివరాలు వస్తాయనుకోలేదు, అందరికీ చాలా థాంక్స్. మావాళ్ళకి ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను, గంటసేపు మాట్లాడుకున్నాం, వాదించుకున్నాం కూడా. ఇలా అనుకున్నాం. మొదటి మూడు నెలలు సాయంత్రపుగీతలు గారి పద్ధతి, అందరూ 9 చేసి అందరికీ ఒక్కోటి. కాకపోతే ఎవరూ పంచరు. కాగితంముక్క గారు చెప్పినట్టు ఎదురెదురుగా కూర్చుని, కుర్చీలు జరుపుకుంటూ, ఎవరి చేత్తో వాళ్ళే ఇచ్చుకుంటారు, ఇచ్చేటప్పుడు ఎలా చేశారో చెప్పాలి. తొమ్మిది చేయలేనివాళ్ళు అచ్చు వేసుకోవచ్చు, అద్దకం గారి మాట ప్రకారం వెనక సంఖ్యతో. మూడు నెలలయ్యాక అందరికీ భయం పోతే అప్పుడు ఎంచుకునే పద్ధతి పెడతాం.

మొదటి నెలకి విషయం కూడా పెట్టుకున్నాం, "తలుపు". విషయం ఉండాలా వద్దా అని చాలా వాదన జరిగింది. ఇద్దరు స్వేచ్ఛ ఉండాలన్నారు, మిగతావాళ్ళు ఖాళీ కాగితం ముందు ఏం చేయాలో తెలియక కూర్చోవడం కంటే ఏదో ఒకటి ఉండటం మేలన్నారు. ఇష్టం లేనివాళ్ళు వేరేది చేసి తేవచ్చని తేల్చాం.

వెనక్కి తగ్గిన ఆవిడ మూడోకుంచె గారు చెప్పిన కిటికీ అట్ట కోసుకున్నారు. పెద్ద షీటు మీద నీలం, ఎరుపు పులిమి దాంట్లోంచి రెండు కార్డులు తీశారు. నాకు ఫొటో పంపారు, ఒకటైతే చాలా బాగుంది, నాకే కావాలని చెప్పాను.

కాగితంముక్క:
కుర్చీల పద్ధతీ, అందరికీ ఒక్కోటీ, రెండూ కలపడం మేము కూడా ఎప్పుడూ ఆలోచించలేదు. ఎలా జరిగిందో తప్పకుండా రాయండి. ఒక్క సలహా, మొదటిరోజు మాట్లాడే టైమ్ ఎక్కువ పెట్టుకోండి, ఒక జంటకి ఐదు నిమిషాలు అస్సలు చాలదు. పదిమంది ఐదు జంటలుగా కూర్చుంటే అందరూ అందరితో కూర్చోవడానికి తొమ్మిది విడతలు పడుతుంది. పది నిమిషాల చొప్పున అయినా గంటన్నర. ఇంకొకటి, రెండు వరసలూ ఒకే వైపు జరిగితే కొందరు ఎప్పటికీ కలవరు. ఒక మనిషిని కదలకుండా కూర్చోబెట్టి, మిగతా తొమ్మిది మందీ బల్ల చుట్టూ ఒక్కో కుర్చీ జరగాలి, అప్పుడే ఎవరూ మిగలరు.

చుక్కలముగ్గు:
ఆ కదలని కుర్చీ ఎవరికి నడవడం కష్టమో వాళ్ళకివ్వండి.

ఖాళీపుట:
నీలిగీత గారూ, మీరు ఉండేది నాకు దగ్గరే అనిపిస్తోంది, వేరే చోట మీరు రాసినవి చూసి అనుకుంటున్నాను. పదకొండో మనిషికి చోటుందా? "తలుపు" మీద నాకు ఒక ఆలోచన ఉంది. పాత కవరు మూతనే తలుపులా అతికించి, తెరిస్తే లోపల ఒక వాక్యం కనిపించేలా చేద్దామని. మందం ఎక్కువై ప్లాస్టిక్ గదిలో దూరదేమోనని సందేహం.

నీలిగీత:
చోటుంది, తప్పకుండా రండి, మీకు విడిగా మెసేజ్ పెడతాను. పదకొండు మంది అయితే ఒక్కొక్కరూ 10 చేయాలి, ఒక ఏ4కి ఒక ముక్క తక్కువ పడుతుంది, అది మావాళ్ళకి నేను చెప్పుకుంటాను. కుర్చీల లెక్క కూడా మారుతుందేమో, కాగితంముక్క గారే చెప్పాలి.

కాగితంముక్క:
మారుతుంది. పదకొండు మంది బేసి కాబట్టి కదలని కుర్చీనే ఖాళీగా ఉంచి అందరూ జరగండి, పదకొండు విడతలు. ప్రతి విడతలో ఆ ఖాళీ కుర్చీ ఎదుటికి వచ్చినవాళ్ళకి విశ్రాంతి వస్తుంది, వాళ్ళు అప్పటిదాకా వచ్చిన కార్డుల వెనక పేర్లు, తేదీలు ఉన్నాయో లేదో చూసుకోవచ్చు.

పత్రహరితం:
ఖాళీపుట గారూ, కవరు మూత పల్చని కాగితమే కాబట్టి దూరుతుంది, కాకపోతే తలుపు తెరుచుకునే వైపు ముందుగా ప్లాస్టిక్ గదిలోకి పోకుండా చూసుకోండి, లేదంటే లోపలికి తోసినప్పుడల్లా అంచు తట్టుకుని మడతపడుతుంది. మడత దగ్గర ముందు మొద్దు బ్లేడుతో ఒక గీత లాగి తర్వాత మడిస్తే తలుపు తిన్నగా తెరుచుకుంటుంది.